గుల్ల చెట్ల లెక్క

పోయిన అక్టోబర్‌లో ఓ ఆదివారం మా అమ్మాయిని తీసుకుని టైగర్ మౌంటెన్‌కి వెళ్లాను. సియాటిల్ నుంచి కారులో అరగంట. మా ఆఫీసు తెలుగువాళ్లలో సగం మంది ఆదివారం పొద్దున అక్కడే తేలతారు, పులిహోర డబ్బాలతో సహా. మామూలుగా వెళ్లే పడమటి వైపు పార్కింగ్ దొరక్క, ఆ రోజు తూర్పు వైపు దారి పట్టాం. మనుషులు తక్కువ. ఓ గంట నడిచాక దారి పక్కన ఒక డగ్లస్ ఫర్ చెట్టుకి తెల్లటి అట్టముక్క కొట్టి ఉంది. దాని మీద నల్లటి అక్షరాలు: టింబర్ సేల్ బౌండరీ. పది గజాల అవతల ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. గులాబి రంగు రిబ్బన్లు కొమ్మలకు వేలాడుతున్నాయి, పుట్టినరోజు పార్టీ అయ్యాక విప్పడం మర్చిపోయినట్టు.

మా అమ్మాయి మూడో తరగతి. కనిపించినవన్నీ చదివే వయసు.

"ఎవరికి అమ్ముతున్నారు నాన్నా?"

తెలీదన్నాను.

"ఎవరు అమ్ముతున్నారు?"

గవర్నమెంటు అన్నాను.

"గవర్నమెంటుకి చెట్లు ఎట్లా వచ్చాయి?"

ఆ ప్రశ్నకి మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. అంతకంటే నా దగ్గర జవాబు లేదు. నిజానికి నేను అప్పటికే ఆ అడవిలో లేను. జన్నారం దగ్గర ఏదో కూపులో ఉన్నాను, ఎప్పుడూ చూడని ఒక టేకు చెట్టు ముందు.

మా తాత కూపు గుమాస్తా. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలీదు. అడవిని ముక్కలుగా విడగొట్టి, ఈ ఏడు ఈ ముక్క, వచ్చే ఏడు ఆ పక్క ముక్క అని వంతుల వారీగా కొట్టించేవాళ్లు. ఆ ముక్క పేరు కూపు. మా ఆదిలాబాదు వైపు అది ఎంత మామూలు మాటంటే, అచ్చ తెలుగో గోండో అనుకుంటూ పెరిగాను. అది ఫ్రెంచి మాట అని ముప్పై దాటాక తెలిసింది. కూప్ అంటే కొట్టడం, నరకడం. బ్రిటిష్ ఇండియా ఫారెస్టు ఆఫీసర్లు చాలామంది 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని నాన్సీ బడిలో అడవుల చదువు చదివి వచ్చారు. వాళ్ల సామాన్లతో పాటు ఆ మాట కూడా ఓడ దిగింది. మాది నిజాం రాజ్యం గనక మాకు కాస్త చుట్టు తిరిగి చేరి ఉంటుంది.

కూపులో కొట్టాల్సిన చెట్లకు ముందు డిపార్టుమెంటు వాళ్లు ముద్ర వేస్తారు. చెట్టు బెరడు కాస్త చెక్కి, సుత్తితో కొడితే ముద్ర పడుతుంది. ఛాతీ ఎత్తులో ఒకటి, మొదట్లో నేలకు దగ్గరగా ఇంకొకటి. చెట్టు పోయినా మోడు మీద కింది ముద్ర మిగలాలి, ఇది మేం అమ్మిన చెట్టే, దొంగతనంగా కొట్టింది కాదు అని చెప్పడానికి. ముద్ర వేసిన ప్రతి చెట్టుకీ లిస్టులో ఒక వరస: నంబరు, జాతి, చుట్టుకొలత, చెట్టు పరిస్థితి. ఆ లిస్టు చూసి డిపార్టుమెంటు ఒక ధర కడుతుంది. వేలం రోజున మొదట పలికేది ఆ ధరే. సర్కారు పాట. మహేశ్‌బాబు సినిమా వచ్చాక ఆ మాట అందరికీ తెలిసిపోయింది గానీ, మా ఇంట్లో అది అంతకుముందు నుంచీ వాడుకలో ఉండేది. సంతలో ఎవరైనా వంకాయలకు ఎక్కువ ధర చెప్తే మా నానమ్మ "ఇది సర్కారు పాటనా?" అనేది.

ధరావతు కట్టినవాళ్లు ఆ పై నుంచి పాడతారు. పాట ఎవరి మీద కొట్టేస్తే వాళ్లది కూపు. కిస్తులు కట్టుకుంటూ, గడువులోపల చెట్లు కొట్టించి, దుంగలు బండ్ల మీద తోలుకుపోవాలి. మా తాత కాంట్రాక్టరు కాదు. కాంట్రాక్టరు మనిషి. వేలానికి ముందు లిస్టు పట్టుకుని కూపంతా తిరిగి, ఇది ఎంత దాకా పాడొచ్చో సేటుకి చెప్పడం ఆయన పని. పాట దక్కాక కూలీల లెక్కలూ ఆయనవే.

తాత చనిపోక ముందు ఒక ఎండాకాలం, నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు, అడవి ఎంతకు కొనేవాళ్లు అని అడిగాను. నవ్వాడు. "అడవిని ఎవడు కొంటడురా బిడ్డా? కాయితం కొంటరు. కాయితం మీది చెట్టు వేరు, అడవిల చెట్టు వేరు. ఆ రెండిట్ల నడుమ ఉన్నదే మన బతుకు." అప్పుడు నాకది ముసలాయన చమత్కారంలా అనిపించింది. సెల్‌ఫోన్లో పాము ఆట ఆడుకుంటూ విన్నాను.

ఆ మాటకు అర్థం నాకు ఆఫీసులో తెలిసింది. నేను చేసేది ఆన్‌లైన్ ప్రకటనల వేలం పని. మీరు ఒక పేజీ తెరిచేలోపు, ఆ పేజీలో ఏ ప్రకటన కనపడాలో ఒక వేలం జరుగుతుంది. కంపెనీలు పాడతాయి, మా కోడు పాట కొట్టేస్తుంది. ఆ టీంలో చేరిన కొత్తల్లో చదవమని ఇచ్చిన పేపర్లలో ఒకటి సూసన్ ఏథీ, జొనాథన్ లెవిన్ 2001లో రాసింది. ఏథీ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చీఫ్ ఎకనమిస్టుగా సెర్చి ప్రకటనల వేలాల మీద పనిచేసిన మనిషి, అందుకని ఆ పేరు మా లోకంలో తెలిసిందే. కానీ పేపరు ప్రకటనల మీద కాదు. కలప మీద. అమెరికా ఫారెస్టు సర్వీసు జాతీయ అడవుల్లో చెట్లు కొట్టే హక్కు అమ్మిన వేలాల మీద. మొదటి పేజీ చదివి, కుర్చీ వెనక్కి జరిపి కాసేపు ఊరికే కూచున్నాను. అది మా తాత గురించి రాసిన పేపరు.

చిన్న లెక్కతో చెప్తాను, భయపడకండి. ఫారెస్టు సర్వీసు చాలా ఏళ్లు పసిఫిక్ నార్త్‌వెస్ట్‌లో అమ్మిన పద్ధతి ఇది. ఒక ముక్కలో ఏ జాతి కలప ఎంత ఉందో వాళ్లు అంచనా వేసి ప్రకటిస్తారు. పాటదారు ఒక్కో జాతికి విడివిడిగా ధర పాడాలి. గెలుపెవరిదో సర్కారు అంచనా పరిమాణాలతో గుణించి తేలుస్తారు. డబ్బు మాత్రం కొట్టిన తర్వాత దుంగలు కొలిచి, నిజంగా వచ్చిన కలప మీద కట్టాలి. చాలా న్యాయంగా ఉంది కదా? ఇక్కడే ఉంది చిల్లు.

నేను ఊహించి రాస్తున్న అంకెలివి. సర్కారు అంచనా: డగ్లస్ ఫర్ 600 యూనిట్లు, హెమ్లాక్ 400. ఒకాయన ఫర్‌కి 500 డాలర్లు, హెమ్లాక్‌కి 200 పాడాడు. మొత్తం 3,80,000. ఇంకొకాయన తన మనిషిని అడవిలోకి పంపించాడు. ఆ మనిషి తిరిగి వచ్చి, అంచనా తప్పు, ఫర్ 500, హెమ్లాక్ 500 ఉన్నాయన్నాడు. అప్పుడీ రెండో ఆయన ఫర్‌కి 600, హెమ్లాక్‌కి కేవలం 60 పాడతాడు. సర్కారు అంచనాతో గుణిస్తే 3,84,000. గెలిచాడు. కొట్టాక కట్టేది? 500 ఇంటూ 600, 500 ఇంటూ 60, కలిపి 3,30,000. ఓడిపోయిన మొదటాయనకే ఇచ్చి ఉంటే అవే చెట్లకు 3,50,000 వచ్చేది. ఎక్కువ పాడినవాడికే ఇచ్చారు, తక్కువ డబ్బు వచ్చింది, ఎవరూ ఒక్క రూలు కూడా తప్పలేదు.

పాటదారులు నిజంగానే ఇలా పాడారని ఏథీ, లెవిన్ పాత వేలాల రికార్డులు తవ్వి చూపించారు. సర్కారుకి తెలియని సంగతి వాళ్లకు తెలుసు. దాన్ని ధరల్లోకి మడతపెట్టి పాడారు. కానీ పేపర్లో ఇంకో సగం ఉంది, అదే నాకు ఎక్కువ నచ్చింది. అడవిలోకి మనిషిని పంపినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే, వాళ్లు ఒకరి మీద ఒకరు పాడుకుని ఆ లాభాన్ని చాలావరకు వేలంలోనే కరిగించేస్తారు. రహస్యం పదిమందికి తెలిస్తే దాని విలువ సర్కారుకే చేరుతుంది. పోటీ లేకపోతే మాత్రం తెలిసినవాడి జేబులోనే ఉంటుంది.

మా తాత కూపుల్లో పోటీ ఎట్లా ఉండేదో ఆయనే చెప్పాడు. వేలానికి ముందు రాత్రి సేట్లందరూ ఒకచోట కూచుని ఈ కూపు నీది, ఆ కూపు నాది అని పంచుకునేవాళ్లట. పాడకుండా తప్పుకున్నందుకు ఇచ్చే డబ్బుకి గుడ్‌విల్ అని పేరు. ఇంత మంచి ఇంగ్లిష్ మాటని ఇంత చక్కగా వాడుకున్న భాష ఇంకోటి ఉండదు. పొద్దున వేలంలో సర్కారు పాట మీద ఒకరిద్దరు మొహమాటానికి పాడి ఊరుకుంటారు. అప్పుడిక అసలు ఆట అంతా సర్కారు పాట ఎంత తక్కువకి మొదలవుతుందన్న దాంట్లోనే ఉంటుంది. సర్కారు పాట లిస్టులోంచి వస్తుంది. లిస్టు ఒక గార్డు చేతి రాత.

అక్కడ డబ్బు కట్టడం వేరే రకం. దుంగలు కొలిచి కట్టేది కాదు, మొత్తం కూపుకి ఒకటే ధర. అంటే లిస్టులో ఏం రాస్తే అదే. చెట్టు పరిస్థితి అన్న గడిలో రెండు రకాల రాత ఉండేది: మంచిది, గుల్ల. టేకు బయటికి నిండుగా కనపడుతుంది, లోపల పుచ్చి డొల్లగా ఉండొచ్చు. గుల్ల చెట్టు వంటచెరకు కిందే లెక్క, దానికి ధర ఉండదు. గొడ్డలి వెనక్కి తిప్పి మొదట్లో కొడితే తెలుస్తుంది. నిండు చెట్టు ఖణ్‌మంటుంది, గుల్లది డబ్‌మంటుంది. తాత నాకు ఇంటి దూలం మీద చెంచాతో కొట్టి చూపించాడు, ఆ పక్కనే ఇత్తడి బిందె మీద కొట్టి తేడా చెప్పాడు. నిండు చెట్టు పక్కన గుల్ల అని రాస్తే ఏమవుతుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

కొలతల గురించి ఒక మాట, ఇంజనీరుని కాబట్టి ఊరుకోలేను. గుండ్రటి దుంగని మావైపు కొలిచే తీరు: చుట్టుకొలతలో పావు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించడం. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు దుంగ పది ఘనపుటడుగులు. నిజంగా లెక్కేస్తే పన్నెండు ముప్పావు దాకా వస్తుంది. నూటికి ఇరవై ఒకటిన్నర వంతు కలప సూత్రంలోనే మాయం. ఇది ఎవరో మోసగాడు కనిపెట్టింది కాదు, 1736లో ఎడ్వర్డ్ హోప్పస్ అనే ఇంగ్లిష్ ఆయన అచ్చేసిన పట్టికల్లోంచి వచ్చింది, రంపంలో పోయే పొట్టుకీ పక్క చెక్కలకీ అని సమర్థన. అమెరికాలో స్క్రిబ్నర్ కొలత 1846 నాటిది, అదీ సన్న దుంగల దగ్గర ఉదారంగా తక్కువ చూపిస్తుంది. కొలిచే ఎత్తు మాత్రం రెండు చోట్లా ఒకటే: నేల నుంచి నాలుగున్నర అడుగులు. ఇది కాకతాళీయం కాదేమో. ఇండియాకి 1864లో మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్‌గా వచ్చిన జర్మన్ డీట్రిక్ బ్రాండిస్, రిటైరై యూరప్ వెళ్లాక గిఫర్డ్ పించో అనే అమెరికన్ కుర్రాడికి అడవుల చదువు ఎట్లా చదవాలో దగ్గరుండి చెప్పాడు. పించో నాన్సీలోనే చదివి, తర్వాత అమెరికా ఫారెస్టు సర్వీసుకి మొదటి చీఫ్ అయ్యాడు. అంటే టైగర్ మౌంటెన్ అట్టముక్కకీ జన్నారం సుత్తి ముద్రకీ దూరపు చుట్టరికం ఉంది. అమెరికాలో 1897 చట్టం అమ్మే చెట్టుకి ముద్ర ఉండాలనే చెప్పింది. ఫారెస్టు సర్వీసు తర్వాత్తర్వాత హద్దులు గీసి లోపలున్నదంతా కొట్టించడం మొదలుపెట్టింది. 1975లో అప్పీలు కోర్టు ఆ పాత చట్టం మాట మాటగానే పాటించాలి, ముద్ర లేని చెట్టు అమ్మకూడదు అంది. మరుసటి ఏడే చట్టాన్ని మార్చేశారు.

ఇంటికొచ్చాక ఆ అట్టముక్కల సంగతి చూశాను. టైగర్ మౌంటెన్ జాతీయ అడవి కాదు, ఫారెస్టు సర్వీసుది కాదు. వాషింగ్టన్ రాష్ట్రానిది, చూసుకునేది రాష్ట్ర సహజ వనరుల శాఖ. వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రతి అమ్మకానికీ కాగితాలుంటాయి: ఎన్ని ఎకరాలు, ఏ జాతి ఎంత, కనిష్ట ధర (సర్కారు పాట!), ధరావతు ఎంత. ప్రతి అమ్మకానికీ ఏదో ముద్దుపేరు, మేం సాఫ్ట్‌వేర్ రిలీజులకు పెట్టుకున్నట్టు. కిందెక్కడో చిన్న అక్షరాల్లో, ఈ పరిమాణాలు అంచనాలే, హామీ కాదు, కొనేవాళ్లు తామే చూసుకోవాలి అని ఉంటుంది. కాయితం కొంటరు.

ఇక ఆ డబ్బు ఎటు పోతుందో చదివినప్పుడు కొంచెం ఇబ్బంది పడ్డాను. వాషింగ్టన్ 1889లో రాష్ట్రమైనప్పుడు, ప్రతి టౌన్‌షిప్‌లో 16వ, 36వ సెక్షన్లు బడుల కోసమని ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చింది. అవి, అలాంటివి కలిపి ఇప్పుడు రాష్ట్రం చేతిలో ఇరవై లక్షల ఎకరాలకు పైగా అడవి ఉంది. దాన్ని రాష్ట్రం తన సొంతానికి వాడుకోవడానికి లేదు. ట్రస్టు. అమ్మిన కలప డబ్బు బడి భవనాలకు, యూనివర్సిటీలకు, కౌంటీలకు. మా అమ్మాయి ప్రశ్నకి జవాబు అది: గవర్నమెంటుకి చెట్లు నీ బడి కోసం వచ్చాయి. దానికి ముందు ప్రశ్న ఇంకోటి ఉంది. 1855లో పాయింట్ ఎలియట్ దగ్గర ఇక్కడి తెగల చేత ఒప్పందం మీద సంతకాలు, గుర్తులు పెట్టించుకున్నారు, సెక్షన్లుగా గీసే భూమి అట్లా చేతికొచ్చింది. మూడో తరగతికి అంత దూరం వెళ్లలేదు నేను.

ట్రస్టు అన్న మాటకి ఎంత బలముందో తెలియాలంటే స్కమేనియా కౌంటీ కేసు చూడాలి. 1970ల చివర్లో ధరలు ఏటేటా పెరుగుతున్నాయి. ఈరోజు పాడి, రెండు మూడేళ్ల తర్వాత కొట్టినప్పుడు డబ్బు కడితే చాలు. అందరూ ఎగబడి పాడారు. 1980 తర్వాత వడ్డీలు ఆకాశానికెళ్లి, ఇళ్ల కట్టుబడి ఆగిపోయి, కలప ధర కూలింది. పాట గెలవడమంటే అందరికన్నా ఎక్కువ పొరబడ్డమే అని చాలామందికి అప్పుడు తెలిసింది. కొడితే నష్టం, కొట్టకపోతే కాంట్రాక్టు ఉల్లంఘన. వాషింగ్టన్ శాసనసభ 1982లో వాళ్లని ఒడ్డున పడేయడానికి చట్టం చేసింది. పోనీలే పాపం అని మనమైనా చేస్తాం. అయితే కౌంటీ కోర్టుకెళ్లింది, 1984లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది: ఆ కాంట్రాక్టులు ట్రస్టు ఆస్తి, బడిపిల్లల సొమ్ము, జాలిపడి వదిలేసే హక్కు మీకు లేదు. తమాషా ఏంటంటే అదే ఏడు, ఫెడరల్ అడవుల్లో అచ్చం ఇలాగే ఇరుక్కున్న వాళ్లకి, కొంత రుసుము కట్టి కాంట్రాక్టుల్లోంచి బయటపడొచ్చని అమెరికన్ కాంగ్రెసు చట్టం చేసింది. ఒకే కొండకి రెండు వైపుల చెట్లు, ఒకదానికి యజమాని పేరు రాసుంది, ఇంకోదానికి లేదు.

మావైపు కూపుల మీద ఎవరి పేరు రాసుంది? నేను చదివినంతలో అడవి ఆదాయం ఖజానా పద్దులో ఒక గీత, అంతే. ఆ గీత ఏటా పెరగాలి.

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒక పిటిషన్ తిరిగింది. ముదురు చెట్లున్న ముక్కల అమ్మకాలు ఆపమని. రాష్ట్రంలో ఇప్పుడు ఇదే పెద్ద గొడవ. ఆ భూములు ప్రజలందరి కోసం కాబట్టి కలప డబ్బే పరమార్థం కాకూడదని పర్యావరణ సంస్థలు వేసిన కేసులో, 2022లో అదే సుప్రీం కోర్టు ట్రస్టు పద్ధతిని తప్పుపట్టలేదు. ఎంత కొట్టాలి, ఎంత ఉంచాలి అన్నది శాఖ విచక్షణ అంది. 2024 చివర్లో గెలిచిన కమిషనర్ రాగానే అలాంటి కొన్ని అమ్మకాలను ఆర్నెల్లు ఆపాడు. బడి భవనాల ఖర్చులో కలప వాటా ఇప్పుడు చిన్నదే, మా ఊరి లాంటి చోట బాండ్లు వేసి ఓటర్ల చేత పన్ను కట్టించి బడి కట్టేసుకుంటారు. స్కమేనియా లాంటి చోట అంత పన్ను కట్టే జనమే లేరు.

గ్రూపులో ఒకరు "మన ట్రెయిల్ కాపాడుకుందాం" అని రాశారు. మన. సంతకానికి పేరు, పిన్ కోడ్ కొట్టాను. పంపించు అన్న బటన్ నొక్కలేదు. ఆ ట్యాబ్ ఇంకా తెరిచే ఉంది. చెట్లు నిలవాలనే నాకూ ఉంది, ఆ ఫర్ చెట్ల కింద నడిచినప్పుడు నా బుర్రలో కోడు ఆగిపోతుంది, అది చిన్న సంగతి కాదు. కానీ నా చదువే ఒక అడవి కొట్టిన డబ్బు. మా తాత కొన్న రెండెకరాలు 2005లో అమ్మి నా ఇంజనీరింగ్ ఫీజులు కట్టారు. చెట్టు కొట్టగా వచ్చిన బడిలో నేను చదివేశాను, ఇక మిగతావాళ్లు ఆపండి అనడానికి నోరు రాలేదు. ఇది వాదన కాదని తెలుసు. ఎవరైనా ఇట్లా వాదిస్తే నేనే తిప్పికొడతాను.

అంతకన్నా తేలని విషయం ఇంకోటి. ఆ రెండెకరాలు జీతం డబ్బా, గుల్ల చెట్ల డబ్బా?

ఆ ఎండాకాలం తాత చెప్పిన దాంట్లో నేను ఫోను పక్కన పెట్టి విన్నది ఒకటుంది. గొడ్డలి చప్పుడు ఆయనకు సొంతంగా తెలిసింది కాదు. ఒక కోలాం పెద్దమనిషి నేర్పాడట. తాత ఆయన్ని మామా అని పిలిచేవాడు. కూపు తిరగడానికి వెళ్లినప్పుడల్లా ఆయన్ని వెంటబెట్టుకునేవాడు. ఆయన గొడ్డలితో కొట్టడం కూడా అక్కర్లేదట. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, కొమ్మలు ఎండిన తీరు చూసి, ఎక్కడ పిట్ట తొర్ర ఉంది, చీమల బారు ఎటు పోతుంది అని చూసి చెప్పేవాడు. ఎప్పుడూ తప్పలేదన్నాడు తాత. కాయితానికీ అడవికీ నడుమనున్న తేడా మొత్తం ఆ మనిషి తలలో ఉంది.

"మరి ఆయనకేమిచ్చేటోళ్లు తాతా?"

"కూలి."

"అంతేనా?"

"బీడీ కట్ట ఇస్తుంటి. మల్ల పండుగకు ధోతి."

ఆ అడవి రిజర్వు ఫారెస్టు కాక ముందు కోలాములు, గోండులు అక్కడ పోడు చేసుకుని బతికారు. హద్దులు వేసి వెళ్లగొట్టారు. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయింది ఆ గొడవలోనే. ఆ తర్వాతే నిజాం సర్కారు అసలు వీళ్ల కష్టమేమిటో చూసి రమ్మని హైమెన్‌డార్ఫ్‌ని పంపింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. బీడీ కట్ట ఏ పుస్తకంలోనూ ఉండదు. మా ఆఫీసు భాషలో, ఎదుటివాడికి తెలియనిది నీకు తెలిసినందుకు వచ్చే లాభాన్ని ఇన్ఫర్మేషన్ రెంట్ అంటాం. అద్దె. ఎవరింటి అద్దె ఎవరు తిన్నారో ఏథీ, లెవిన్‌ల పట్టికల్లో గడి లేదు, వాళ్ల ప్రశ్న అది కాదు కాబట్టి. తాత పని మానేసేనాటికి కాంట్రాక్టర్ల పద్ధతి పోయి, డిపార్టుమెంటే కూలీలను పెట్టి కొట్టించి దుంగల్ని డిపోలో వేలం వేయడం వచ్చింది. దుంగ కోసి ఉంటుంది గనక గుల్లేదో నిండేదో ఎవరికైనా కనిపిస్తుంది. మామ అవసరం కూడా తీరిపోయింది.

మొన్న దసరాకి బాపుకి ఫోన్ చేశాను. బీపీ మాత్రలు, పెన్షన్, అన్నయ్య కొత్త కారు అన్నీ అయ్యాక అడిగాను.

"బాపూ, చెరువు కింది రెండెకరాలు తాత ఎప్పుడు కొన్నడు?"

"ఎందుకురా ఇప్పుడది? అమ్మి ఇరవై ఏండ్లాయె."

"ఊకెనే."

కాసేపు ఆలోచించాడు. వెనక టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది.

"అరవై ఎనిమిదిల. నేను చిన్నగున్న. కూపు అయిపోయినంక సేటు ఇనాం ఇచ్చిండట, దాంతోని కొన్నడు."

"ఇనామా? ఎందుకు?"

"ఆ యేడు పాట బాగ సస్తాకు దక్కిందని చెప్తుండె మీ తాత. ఆ కూపుల గుల్ల చెట్లు చానా ఉండెనట."